గోల్‌కీపర్ దగ్గర చెల్లని బేరం

మా అమ్మ మ్యాచింగ్ సెంటర్ దిల్‌సుఖ్‌నగర్‌లో, మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో, నాలుగు మెట్లెక్కితే ఉంటుంది. చీర తెచ్చి చూపిస్తే దానికి సరిపోయే జాకెట్ ముక్క, ఫాల్, లైనింగ్ ఇస్తాం. ఆ కౌంటర్ వెనకాల స్టూలు మీద కూర్చుని హోంవర్క్ చేసుకుంటూ పెద్దదాన్నయ్యాను. ఎక్కాలు ఎక్కడ నేర్చుకున్నానో గుర్తులేదు గాని, గిరాకీ నోట్లోంచి మొదటి మాట పడగానే ఆమె చివరికి ఎక్కడ ఆగుతుందో చెప్పే విద్య మాత్రం అక్కడే అబ్బింది. దానికి సర్టిఫికెట్ ఇవ్వరు. ఇచ్చుంటే డిగ్రీ పక్కన తగిలించుకునేదాన్ని, డిగ్రీ కన్నా కొంచెం పైన.

దుకాణంలో ‘ఒకే ధర’ అని బోర్డు ఉంది. నేను పుట్టకముందు నుంచీ ఉందట. దాన్ని చదివి బేరమాడకుండా ఊరుకున్న మనిషిని నేను చూడలేదు. పైకి గట్టిగా చదివి మరీ, “సరేగని, ఇంతకీ ఎంతకిస్తవ్?” అంటారు. అందుకే అమ్మ ముందే రెండు మెట్లు పైకెక్కి ధర చెబుతుంది, తర్వాత ఒక మెట్టు దిగుతుంది. గిరాకీకి గెలిచానన్న సంతోషం, అమ్మకు అనుకున్న చోటే ఆగానన్న సంతోషం. పైన కొసరుగా ఒక హుక్కుల ప్యాకెట్. ఆమె నవ్వుతూ మెట్లు దిగుతుంది, మళ్లీ వస్తుంది. ఇందులో మోసం ఉందని నాకు ఏనాడూ అనిపించలేదు. దుకాణం వరకూ ఇప్పటికీ అనిపించదు.

ఇప్పుడు నా ఉద్యోగం ఎల్బీనగర్‌లో, ఒక టైర్ల దుకాణం పైన రెండో అంతస్తులో. ఫోన్‌లో ఆడే ఫుట్‌బాల్ ఆట తయారుచేసే చిన్న కంపెనీ. మొత్తం తొమ్మిదిమందిమి. ఎనిమిదిమంది ఆట తయారుచేస్తారు, నేను తిట్లు చదువుతాను. ఆడేవాళ్లు రాసే ప్రతి రివ్యూ, ప్రతి ఫిర్యాదూ నా దగ్గరికే వస్తుంది. ‘మీ రిఫరీ కళ్లు ఎక్కడ తాకట్టు పెట్టాడు?’ అని ఒకరు. ‘నా స్ట్రైకర్‌కి ఆ జుట్టేంటి, మా మేనమామలా ఉన్నాడు’ అని ఇంకొకరు. వాటన్నిటినీ జాకెట్ ముక్కల్ని రంగుల వారీగా పేర్చినట్టు పేర్చి, ఏది మార్చాలో ఏది వదిలేయాలో మంగళవారం మీటింగ్‌లో చెప్పాలి. నిజానికి నేను జీవితంలో బంతిని ఒక్కసారే తన్నాను. చెప్పు ఊడి బంతి కన్నా దూరం పోయింది. ఇంటర్వ్యూలో మాత్రం, కస్టమర్ కోపంగా వస్తే ఏం చేస్తారని అడిగితే, “ముందు స్టూలు వేస్తాను. కూర్చుంటే కోపం సగమవుతుంది” అన్నాను. ఉద్యోగం ఇచ్చేశారు.

ఈ కథంతా గోల్‌కీపర్ బటన్ గురించి. మా ఆటలో లీగ్ మ్యాచ్‌లు ఉంటాయి. జట్టులో ఒక్కో ఆటగాణ్ని ఒక్కో మనిషి, ఎవరింట్లో వాళ్లు కూర్చుని, ఆడిస్తారు. గోల్‌కీపర్‌ని ఆడించే మనిషికి పక్కకు దూకడానికి ఒక బటన్ ఉంటుంది. అవతలివాడు బంతిని తన్నడానికి కొంచెం ముందు నుంచి అది పనిచేస్తుంది. ఎంత ముందు అన్నది మా ప్రోగ్రామర్ స్క్రీన్ మీద ఒక స్కేలు. పది గీతలుంటాయి. అప్పట్లో అది ఎనిమిదో గీత మీద ఉండేది. దాంతో కీపర్లు చాలా ముందుగానే దూకడం, బంతులన్నీ ఆపేయడం, మ్యాచ్‌లన్నీ గోల్స్ లేకుండా ముగియడం. ‘ఇది ఫుట్‌బాలా, గోడకు బంతి కొట్టుడా?’ అని రివ్యూలు కుప్పలు పడ్డాయి.

మా ప్రోగ్రామర్ది సైదాబాద్. నాకన్నా చిన్నవాడు, అక్కా అని పిలుస్తాడు. మీటింగ్‌లో స్కేలు చూపించి, “ఆరుకు తెద్దాం అక్కా. ఆరు మీద టెస్ట్ చేసిన, గోల్స్ మంచిగ పడుతున్నయి” అన్నాడు.

“నాలుగు పెట్టు” అన్నాను.

“నాలుగా? కీపర్లు ఏడుస్తరు!”

“ఏడ్వనీ. రెండు వారాలు ఏడ్చినంక ఆరు ఇద్దాం. ‘మీ మాట విన్నాం’ అని బోర్డు పెడదాం. ఇప్పుడే ఆరు ఇస్తే ఆరు మీద ఏడుస్తరు. నాలుగు మీదకెల్లి ఆరుకొస్తే పండుగ చేస్కుంటరు.”

అతను స్కేలును నాలుగుకు జరిపాడు. “గీ లెక్క మాకు కాలేజీల చెప్పలే.”

“కాలేజీల చెప్పరు. దిల్‌సుఖ్‌నగర్ల చెప్తరు.”

అన్నట్టే జరిగింది. నాలుగు పెట్టిన వారం నా ఇన్‌బాక్స్ చూస్తే బోనాల జాతరలో కొరడా ఝళిపించే పోతరాజు ముందు నిలబడ్డట్టు ఉండేది. చెప్పిన రోజుకు ఆరు చేసి ‘మీ మాట విన్నాం’ అని ప్రకటన పెట్టాం. ఆ సాయంత్రానికే స్టార్లు పెరిగాయి. ‘ఆడేవాళ్ల మాట వినే కంపెనీ అంటే ఇదీ’ అని ఒకరు రాస్తే దాన్ని ఫోటో తీసి అమ్మకు పంపాను. మా ఓనరు కింద బండి దగ్గర మిర్చి బజ్జీలు తెప్పించాడు. నేను కుర్చీలో కాస్త వెనక్కి వాలి కూర్చుని, మిగతావాళ్లు అడిగితే తప్ప చెప్పనన్నట్టు మొహం పెట్టి, ఎవరూ అడగకుండానే అంతా మళ్లీ చెప్పాను.

ఆ ఆనందంలో ఒక్క ముల్లు. ఒకాయన మాత్రం ఒక స్టార్ దగ్గరే ఆగిపోయాడు. నాలుగు పెట్టినప్పుడు ఏం రాశాడో, ఆరు చేశాకా అదే రాశాడు: ‘గోల్‌కీపర్ బటన్ మునుపు ఉన్నట్టే ఉంచవలసింది. నేను ముందుగా నొక్కితే బటన్ పలకడం లేదు. ఆగి నొక్కితే బంతి వలలో ఉంటోంది. ఇట్లు, ఒక గోల్‌కీపర్.’

తిట్టు లేదు, ఆశ్చర్యార్థకం లేదు. ఇలాంటి గిరాకీలు మా దుకాణానికీ వస్తారు. ధర వినగానే మొహంలో ఏమీ కనిపించనివ్వరు. గట్టి బేరగాళ్లన్నమాట. నాకు హుషారొచ్చింది.

‘సార్, ఇప్పటికే మీ కోసం రెండు గీతలు పెంచాం’ అని రాశాను.

‘సంతోషం. ఇంకా రెండు కావాలి.’

‘సార్, మధ్యలో కలుద్దామా? ఒకటి పెంచే విషయం మా వాళ్లతో మాట్లాడతాను.’

‘ఒకటి చాలదమ్మా. రెండు.’

కొసరు ఇద్దామనుకున్నాను. ఆటలో బంగారు రంగు గ్లవ్స్ ఉంటాయి, పెద్ద కప్పు గెలిచినవాళ్లకే ఇస్తాం. అవి ఆయన కీపర్ చేతులకు తొడిగి, ‘మా తరఫున చిన్న కానుక’ అని పంపాను. మర్నాడు జవాబొచ్చింది: ‘గ్లవ్స్ చాలా బాగున్నాయి. కానీ లోపల ఉండేది నా చెయ్యే కదమ్మా.’

దాని కింద ఇంకో నాలుగు వాక్యాలు. తను స్కూల్లో పీఈటీగా పనిచేసి రిటైరయ్యానని, జట్టులో మిగతా పదిమందీ ఒకప్పుడు తన దగ్గర ఫుట్‌బాల్ నేర్చుకున్నవాళ్లేనని, ఆదివారం ఆదివారం ఆడుకుంటామని రాశారు. వచ్చే నెల మొదటి ఆదివారం లీగ్ ఫైనల్. ‘బటన్ ఇలాగే ఉంటే నేను తప్పుకుని వేరే కీపర్‌ని పెట్టుకోమని చెప్తాను. వాళ్లంతట వాళ్లు ఆ మాట అనలేరు.’

ఇది కూడా బేరంలో భాగమే అనుకున్నాను. ‘పోతున్నా మరి’ అంటూ మెట్ల దాకా వెళ్లి వెనక్కి చూసే గిరాకీని ఎన్నిసార్లు చూడలేదు! పిలవకూడదు. పిలిస్తే ధర పడిపోతుంది. పిలవలేదు.

తర్వాత ఆరు రోజులు ఆయన ఏమీ రాయలేదు.

ఆ శనివారం దుకాణంలో అమ్మకు ఫాల్స్ మడత పెట్టి ఇస్తూ, ఒక పీడ వదిలిందని చెప్పాను. ఎనిమిది, నాలుగు, ఆరు, గ్లవ్స్, అన్నీ చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను. అమ్మ కత్తెర పక్కన పెట్టింది.

“గాయన ఒక్కపారన్న మాట మార్చిండా? ఒకటిన్నర సాలు అన్నడా?”

“అనలే.”

“బేరమాడెటోళ్లు మాట మారుస్తరే. మార్చకుంటే గది బేరమెట్లయితది? గాయన కొలత చెప్పిండు, నువ్వు ధర అనుకున్నవ్.”

అప్పుడే ఒకామె ముదురాకుపచ్చ చీర కౌంటర్ మీద పరిచింది. అమ్మ జాకెట్ ముక్క తీసి ఇచ్చి, “ఈడ లైటు కింద చూడకమ్మా, బయటికి పోయి ఎలుతుర్ల చూడు” అంది. మా దుకాణంలో ఇది రోజుకు నూటొక్కసారి వినపడే మాట. ట్యూబ్‌లైట్ కింద రెండు ఆకుపచ్చలూ ఒకటే అనిపిస్తాయి. మెట్లు దిగి ఎండలో పట్టుకుంటే ఒకటి నీలంలోకి పోతుంది. ఆమె బయటికి వెళ్లి, చూసి, తల అడ్డంగా ఊపుతూ తిరిగొచ్చింది. అమ్మ ఇంకో ముక్క తీస్తూ నావైపు చూడకుండానే అడిగింది: “గాయిన్ని ఎలుతుర్ల చూసినవా మరి?”

ఆ రాత్రికే ఆయనకు రాశాను: ‘సార్, మీరు ఆడుతుంటే ఒకసారి చూడొచ్చా?’ వనస్థలిపురం అడ్రస్ పంపి, ‘పదింటికి రండి. కాఫీ ఇస్తాను, టిఫిన్ మాత్రం చేసి రండి’ అని రాశారు.

ఆదివారం ఆటోలో వెళ్లాను. గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. సన్నగా, నిటారుగా, మెడలో విజిల్ లేదన్న మాటే గాని ఉన్నట్టే ఉంటుంది. కాఫీ కప్పు ఎడమ చేత్తో ఇచ్చారు. కుడి చెయ్యి అప్పుడే చూశాను. బొటనవేలు కీలు దగ్గర బిగుసుకుపోయి, పక్క వేలు కొంచెం వంకరగా ఉంది.

“పాతికేళ్ల కిందటిదమ్మా ఇది. పెనాల్టీ ఎలా ఆపాలో పిల్లలకు చూపిద్దామని నేనే గోల్‌లో నిలబడ్డాను. ఆపాను కూడా! వేలు మాత్రం అక్కడే ఉండిపోయింది” అన్నారు నవ్వుతూ. “వంగుతుంది, కాకపోతే ఆలోచించుకుని వంగుతుంది. ఎప్పుడు పడుతుందో నాకే తెలీదు, అందుకే ముందే బయల్దేరదీయాలి.”

“ఎడమ చేత్తో నొక్కొచ్చు కదా సార్?”

“ఎడమ చెయ్యి దిక్కు చూపించాలి కదమ్మా. రెండు చేతుల ఆట పెట్టింది మీరే.”

ఫోన్ స్టాండుకు ఆనించి ప్రాక్టీస్ మ్యాచ్ మొదలుపెట్టారు. నేను వెనక నిలబడ్డాను. స్ట్రైకర్ పరుగెత్తుకొస్తున్నాడు. “కుడికి” అన్నారు ఆయన, వాడింకా కాలు ఎత్తకముందే. బొటనవేలు బయల్దేరింది. బటన్ మీద పడింది. తొందరపడ్డట్టుంది, బటన్ పలకలేదు. బంతి కుడివైపే వెళ్లింది, గోల్. మళ్లీ. “ఎడమకి” అన్నారు. ఈసారి ఆగి నొక్కారు. బంతి ఎడమవైపే వెళ్లింది. కీపర్ కూడా ఎడమకే దూకాడు, బంతి వలలో పడ్డాక. పదిసార్లు చూశాను. ఎనిమిదిసార్లు దిక్కు సరిగ్గా చెప్పారు. ఆపగలిగింది ఒక్కటి.

ఇంతకాలం ఈ మనిషితోనా నేను “మధ్యలో కలుద్దామా” అన్నది?

అయినా చేతికి అలవాటు పోదు కదా. ప్రోగ్రామర్‌కి ఫోన్ చేసి, నా ఫోన్‌లో ఉన్న టెస్ట్ ఆటకు స్కేలు ఏడు చేయించాను. ఎనిమిది చేయించలేదు! ఏడు. సార్ ఆడారు, గోల్. ఏడున్నర చేయించాను. బంతి కీపర్ వేలికి తగిలి లోపలికి పోయింది. సార్ ఫోన్ నా చేతిలో పెట్టి, చాలా మర్యాదగా అడిగారు.

“మీవాళ్లది బట్టల దుకాణమా అమ్మా?”

“మ్యాచింగ్ సెంటర్ సార్. మీకెలా తెలుసు?”

“ఊరికే అనిపించింది.”

ఎనిమిది చేయించాను. “కుడికి” అన్నారు, నొక్కారు, కీపర్ గాల్లోకి లేచి బంతిని బయటికి నెట్టాడు. వంకర వేలితో మోకాలి మీద ఒక్క దరువు వేశారు.

కానీ ఎనిమిది అందరికీ తిరిగి ఇస్తే మళ్లీ గోల్స్ పడని ఆటే అవుతుంది. ఆ మాటే చెప్పాను. ఆయన లేచి, గది మధ్యలో గోల్‌కీపర్‌లా మోకాళ్లు వంచి నిలబడ్డారు.

“మైదానంలో ముందే దూకేవాడికి ఒక శిక్ష ఉంటుందమ్మా. దూకబోయే ముందు భుజం వాలుతుంది, ఇలా. తన్నేవాడు అది చూస్తే రెండో వైపు తన్నేస్తాడు. మీ ఆటలో కీపర్ ఎంత ముందు దూకినా అవతలివాడికి కనిపించదు. అందుకే గోల్స్ పడలేదు. నా భుజం వాడికి చూపించండి. నాకేం అభ్యంతరం లేదు. నన్ను మోసం చెయ్యనివ్వండి వాణ్ని. బటన్ మాత్రం పలకనివ్వండి.”

నేను అడగని రాయితీ ఎదుటి మనిషి తనంతట తనే ఇవ్వడం నా జీవితంలో అదే మొదటిసారి. ఇంకో కాఫీ అడిగాను.

సోమవారం ఆఫీసులో అసలు బేరం మొదలైంది. ఇది నాకు చేతనైన బేరం. ప్రోగ్రామర్ విన్నాడు, స్కేలు చూశాడు, తల పట్టుకున్నాడు.

“భుజం వాలాలె, తన్నేటోనికి కనపడాలె, ఆడు ఆఖరి టైంల దిక్కు మార్చాలె. ఇదంత మూడు వారాల పని అక్కా.”

“ఫైనల్ ఇంక పదమూడు రోజులే ఉంది. నాలుగు రోజుల్ల చెయ్యి.”

“నాలుగు రోజులా! నాకేమన్న పది చేతులున్నయా?”

“ఆయనకు ఒక్క వేలు కూడ సక్కగ లేదు. అయినా ఆపుతుండు.”

“పెద్దాయన్ని మధ్యలకు తేకు. రెండు వారాలు.”

“వారం.”

“పది రోజులు. అదీ నువ్వు ఒక మాట ఒప్పుకుంటెనే.” అతని కళ్లలో ఒక మెరుపు కనిపించింది, మా అమ్మ కళ్లలో కనిపించేలాంటిది. “ఈసారి బోర్డు మీద ఉన్నదున్నట్టు రాయాలె. నాలుగు ఎందుకు పెట్టినమో గది కూడ. నువ్వే రాయాలె.”

“గది ఎందుకిప్పుడు? ఆరు చేసినం, అందరు ఖుషీగున్నరు కదా.”

“మళ్లోపారి నువ్వు నాలుగు అంటవ్, నేను పెట్టాలె. నాకు పరేషాన్. రాస్తవా, రాయవా?”

నేనే నేర్పిన విద్య నా మీదే తిరిగింది. ఓనరు కూడా కాసేపు గింజుకుని, చివరికి సరేనన్నాడు. రాశాను. ‘మేము ఇద్దామనుకున్నది ఆరు. కావాలనే ముందు నాలుగు పెట్టి, తర్వాత మీ మాట విన్నట్టు ఆరు చేశాం. అది తప్పు. ఆ ఆలోచన నాది. ఈసారి ఒక గోల్‌కీపర్ చెప్పింది నిజంగా విని ఎనిమిది చేస్తున్నాం. కానీ ముందే దూకితే మీ భుజం అవతలివాడికి కనిపిస్తుంది.’ అది పెట్టిన రోజు పోయిన స్టార్లు చాలానే. ‘కిరాణా కొట్టు బుద్ధి’ అని ఒకరు రాశారు. కిరాణా కాదు, మ్యాచింగ్ సెంటర్ అని జవాబు రాసి, పంపకుండా తుడిచేశాను. తిట్టినవాళ్లు తిట్టారు గాని రెండు రోజులు గడిచేసరికి కొత్త భుజం గురించి వాదులాడుకోవడం మొదలుపెట్టారు. ‘భుజం ఎడమకు వాల్చి కుడికి దూకే వీలు ఇవ్వండి’ అని ఒకరు అడిగారు. అంటే దుకాణం లోపలే ఉన్నారన్నమాట. నాకు ప్రాణం కుదుటపడింది.

ఫైనల్ ఆదివారం మధ్యాహ్నం. నేను అమ్మ దుకాణంలో కౌంటర్ మీద ఫోన్ నిలబెట్టి చూశాను. గిరాకీ బాగా ఉంది. సార్ కీపర్ చేతులకు బంగారు గ్లవ్స్ ఉన్నాయి, వాపసు ఇవ్వలేదు. మొదటి సగంలో గట్టి షాట్ ఒకటి వచ్చింది. భుజం వాలింది, తన్నేవాడు గమనించలేదు, సార్ ఆపేశారు. నేను “అబ్బా!” అని అరిస్తే గులాబీ రంగు లైనింగ్ చూస్తున్నామె ఉలిక్కిపడింది.

“ఏందే, గాయన ఆపిండా?” అంది అమ్మ, మీటరు బద్ద ఆపకుండానే.

“ఆపిండు!”

ఆట ముగియబోతుండగా ఇంకో షాట్. సార్ భుజం కుడికి వాలింది. అవతలి స్ట్రైకర్ తెలివైనవాడు, ఒక్క క్షణం ఆగాడు, చూశాడు, ఎడమకు నెమ్మదిగా తోశాడు. కీపర్ కుడివైపు గాల్లో ఉన్నాడు. బంతి పిల్లి నడిచినట్టు నడుచుకుంటూ లోపలికి పోయింది. ఒకటి సున్నా. కప్పు పోయింది.

నేను ఫోన్ బోర్లించి పెట్టాను. ఆయన్ని గెలిపించాలని ఇంత చేస్తే మా భుజమే ఆయన్ని పట్టిచ్చింది. సాయంత్రం దాకా ఫాల్స్ మడత పెడుతూనే ఉన్నాను. ఆయనే రాశారు.

‘గోల్ నాదేనమ్మా. చాలా కాలానికి నన్నొకడు నిజంగా మోసం చేశాడు. బటన్ పలికింది, నేనే తప్పు దూకాను. మావాళ్లు పదిమందీ ఫోన్ చేసి తిట్టారు, “సార్, ముందే భుజం వాల్చొద్దని మాకు చెప్పింది మీరే కదా” అని. వచ్చే సీజన్‌కీ నేనే కీపర్‌నట. తప్పుకుంటానంటే ఒప్పుకోరట.’

వెళ్లి ఆయన రివ్యూ చూశాను. ఒకటి పోయి నాలుగు స్టార్లు వచ్చాయి. కౌంటర్ మీద మోచేతులు ఆనించి ఆ నాలుగింటినీ చాలాసేపు చూశాను. ఊరుకోవాల్సిందే. ఊరుకునే రక్తం కాదు.

‘సార్, ఆ అయిదోది కూడా ఇచ్చేయొచ్చు కదా?’

‘రిఫరీ ఇంకా బాగా లేడమ్మా. నాలుగే.’

‘పోనీ, నాలుగున్నర?’

‘సగం నొక్కడానికి అక్కడ బటన్ లేదు. చూశాను.’